న్యూట్రోఫిల్స్ లేని చిట్టెలుకలో యాంటీబాడీకి తోడు ఎవరు? ఒక ప్రాజెక్టు డైరీ

ప్రశ్న, దాని పూర్వాపరాలు

ఈ ప్రాజెక్టు అడుగుతున్న ప్రశ్న చూడటానికి చిన్నదే. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన జంతువుకు బయటి నుంచి యాంటీబాడీ ఇస్తే, రక్తంలోకి చేరిన క్యాండిడా ఆల్బికన్స్ శిలీంధ్రం నుంచి అది ఆ జంతువును కాపాడగలదా? కాపాడితే ఆ పని ఎవరి ద్వారా జరుగుతోంది? మాకు ముఖ్యమైనది ఈ రెండో సగం. యాంటీబాడీ తనంతట తాను శిలీంధ్రాన్ని చంపడం అరుదు. అది కణకుడ్యానికి అతుక్కుని, కాంప్లిమెంట్ ప్రోటీన్లను (సూక్ష్మజీవికి గుర్తు వేసే రక్తపు ప్రోటీన్లను) అక్కడికి రప్పించి, భక్షక కణాలకు శత్రువును పట్టిస్తుంది. ఆ భక్షక కణాల్లో ముందు వరుసలో ఉండే న్యూట్రోఫిల్స్‌ను మేమే మందుతో తీసేస్తున్నాం. అలాంటప్పుడు పట్టించిన శత్రువు మీదికి వెళ్లేది ఎవరో తేలకుండా "యాంటీబాడీ పనిచేసింది" అనో "పనిచేయలేదు" అనో రాసుకుంటే, ఆ వాక్యానికి అర్థం సగమే ఉంటుంది.

శిలీంధ్ర వ్యాధుల్లో యాంటీబాడీకి పెద్ద పాత్ర లేదని చాలాకాలం నమ్మారు, ఆ నమ్మకానికి కారణాలూ లేకపోలేదు. న్యూట్రోఫిల్స్ తగ్గినవారికి రక్తంలో వ్యాపించే క్యాండిడా, సీడీ4 టీ కణాలు తగ్గినవారికి నోటి పూత, క్రిప్టోకాకస్ అనే మరో శిలీంధ్రం వల్ల మెదడు పొరల వాపు వస్తాయి కానీ, పుట్టుకతో యాంటీబాడీలు తక్కువగా ఉన్నవారిలో ఇవి అంత ప్రముఖంగా కనిపించవు. పైగా వ్యాధి ముదిరిన రోగుల రక్తంలో క్యాండిడాకు వ్యతిరేకమైన యాంటీబాడీలు దండిగా ఉంటాయి. అవి ఉండి కూడా రోగం వచ్చిందంటే అవి పనికిరావనే కదా అన్నది నాటి వాదన. మోనోక్లోనల్ యాంటీబాడీలు (ఒకే కణపు సంతతి, అంటే ఒకే క్లోన్, తయారుచేసే ఒకే రకం యాంటీబాడీలు) చేతికి వచ్చాక ఈ వాదన వీగిపోయింది. రోగి రక్తంలో ఉన్నది రకరకాల యాంటీబాడీల కలగలుపు అనీ, అందులో కాపాడేవి, కాపాడనివి, కాపాడేవాటికి అడ్డుపడేవి కూడా ఉంటాయనీ ఒక్కొక్క క్లోన్‌ను విడదీసి పరీక్షించినప్పుడు బయటపడింది. క్రిప్టోకాకస్ విషయంలో 1987లో ఫ్రాన్స్‌వాజ్ ద్రొమేర్ బృందం, తర్వాత ఆర్తురో కాసడెవాల్ బృందం ఇది చూపించగా, క్యాండిడా విషయంలో 1995లో హాన్, కట్లర్ చూపించారు. వారి బి6.1, బి6 అనే రెండు క్లోన్లూ ఐజీఎం తరగతివే (యాంటీబాడీల్లో ఐజీఎం, ఐజీజీ వంటి తరగతులుంటాయి), రెండూ ఈస్ట్ కణాలను ముద్దలుగా అతికించేవే. కానీ మొదటిది మాత్రమే చిట్టెలుకలను కాపాడింది. తేడా వచ్చింది అవి గుర్తించే చక్కెర గొలుసులో. బి6.1 పట్టుకునేది కణకుడ్యం పైనుండే మానన్ అనే చక్కెర పొరలోని బీటా-1,2-మానోట్రయోజ్ అనే మూడు చక్కెరల తునక, బి6 పట్టుకునేది అదే పొరలోని వేరే భాగం.

టీ, బీ కణాలు రెండూ లేని స్కిడ్ చిట్టెలుకల్లోనూ బి6.1 పనిచేసింది. న్యూట్రోఫిల్స్ తగ్గించిన చిట్టెలుకల్లోనూ మేలు చేసిందని అదే బృందం 1997లో ప్రచురించింది. మా ప్రాజెక్టు అక్కడి నుంచి మొదలవుతోంది.

జంతువును ఎలా బలహీనపరచాలి

"రోగనిరోధక శక్తి తగ్గిన జంతువు" అన్న మాటను ప్రతిపాదనలో తేలిగ్గా రాసేస్తాం కానీ, జంతుశాలలోకి వెళ్లేసరికి ఆ మాట నాలుగైదు ముక్కలవుతుంది. సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమోథెరపీ మందు ఇచ్చిన చిట్టెలుక ఒక స్థితి, స్టెరాయిడ్ ఇచ్చినది ఇంకో స్థితి, స్కిడ్ జంతువు మరొకటి, మధుమేహంతో కీటోన్లు పెరిగిన జంతువు పూర్తిగా వేరు. వీటిలో ఒకదానిలో వచ్చిన ఫలితాన్ని మరొకదానికి అంటగట్టకూడదు. క్రిప్టోకాకస్ మీద 1990ల్లో జరిగిన పని ఇందుకు మంచి ఉదాహరణ: కాపాడని ఐజీజీ3 యాంటీబాడీని, గుర్తించే భాగం మార్చకుండా ఐజీజీ1 తరగతికి మార్చితే అది కాపాడసాగింది, కానీ సీడీ4 కణాలు లేని చిట్టెలుకల్లో ఆ ఐజీజీ1 కూడా చేతులెత్తేసింది. అంటే యాంటీబాడీ బలం దానిలోనే కాక, జంతువులో మిగిలి ఉన్నదానిలో కూడా ఉంది.

మేము రెండు దారులు ఎంచుకున్నాం. మొదటిది సైక్లోఫాస్ఫమైడ్. ఇన్‌ఫెక్షన్‌కు నాలుగు రోజుల ముందు కిలో బరువుకు 150 మి.గ్రా., ఒక రోజు ముందు 100 మి.గ్రా. ఇచ్చే పాత పద్ధతి చాలా ప్రయోగశాలల్లో నిలబడింది, దానితో రక్తంలో న్యూట్రోఫిల్స్ ఘన మిల్లీమీటరుకు వందలోపుకు దిగుతాయి. దీనిలో ఇబ్బంది, ఆ మందు ఎముక మజ్జలో వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ దెబ్బతీయడం. లింఫోసైట్లు, మోనోసైట్లు కూడా తగ్గిపోతాయి. రెండో దారి 1ఏ8 అనే యాంటీబాడీ. ఇది చిట్టెలుక న్యూట్రోఫిల్ ఉపరితలంపై ఉండే లై6జీని పట్టుకుని ఆ కణాలను మాత్రమే తొలగిస్తుంది. పాతకాలపు ఆర్‌బీ6-8సీ5 యాంటీబాడీ కొన్ని మోనోసైట్లను కూడా తీసేస్తుంది కనుక దాన్ని పక్కన పెట్టాం. మొదటి పద్ధతి ఆసుపత్రిలో కీమోథెరపీ తీసుకున్న రోగికి దగ్గరగా ఉంటుంది, రెండోది మా ప్రశ్నకు దగ్గరగా ఉంటుంది. రెండిటినీ పక్కపక్కన నడపడం ఖర్చుతో కూడినదే అయినా, ఒకటి లేకుండా రెండోదాన్ని అర్థం చేసుకోలేమన్నది నా అభిప్రాయం.

ఇంకో సంగతి ముందే చెప్పుకోవాలి. మనిషి రక్తంలో తెల్లకణాల్లో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా న్యూట్రోఫిల్స్ ఉంటాయి. చిట్టెలుకలో అవి పదిలో ఒకటి, రెండు వంతులే, అక్కడ లింఫోసైట్లదే పైచేయి. పైగా క్యాండిడా ఆల్బికన్స్ చిట్టెలుక పేగులో సహజంగా కాపురం ఉండే జీవి కాదు, మనిషి మాత్రం పుట్టినప్పటి నుంచీ దానితో పరిచయమున్నవాడు. అందువల్ల ఈ జంతువులో చూసినది మనిషిలో అలాగే జరుగుతుందని ఈ డైరీలో ఎక్కడా అనుకోవడం లేదు.

యాంటీబాడీల తయారీ

చేతిలో ఉన్న యాంటీబాడీలు ఇవి: బీటా-1,2-మానోట్రయోజ్‌ను పట్టుకునే ఐజీఎం ఒకటి, అదే తునకను పట్టుకునే ఐజీజీ3 ఒకటి, మానన్‌లో వేరే భాగాన్ని పట్టుకునే ఐజీఎం ఒకటి, పోలిక కోసం అవే తరగతులకు చెంది శిలీంధ్రంతో ఏ సంబంధమూ లేని ఐసోటైప్ కంట్రోళ్లు. ఐజీజీ3ని కూడా చేర్చడానికి కారణం ఉంది: అదే ఎపిటోప్‌ను (యాంటీబాడీ గుర్తించే తునకను) పట్టుకునే సి3.1 అనే ఐజీజీ3 కూడా కాపాడుతుందని 2000లో తేలింది. ఐదు అంగాల ఐజీఎం బరువు దాదాపు తొమ్మిది లక్షల డాల్టన్లు, అది రక్తనాళాలు దాటి కణజాలంలోకి సులువుగా పోలేదు, రెండు మూడు రోజుల్లో తరిగిపోతుంది. ఐజీజీ లక్షన్నర డాల్టన్లే, ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఒకే లక్ష్యానికి రెండు తరగతులు ఉండటం మాకు కలిసివచ్చింది.

శుద్ధి చేయడం మాత్రం రెండిటికీ ఒకేలా కుదరలేదు. ఐజీజీ3 ప్రోటీన్-ఏ కాలమ్‌కు అంటుకుంటుంది, ఆమ్లపు బఫర్‌తో దిగుతుంది, దిగినవెంటనే తటస్థం చేయాలి. ఐజీఎం దానికి అంటుకోదు కనుక అమ్మోనియం సల్ఫేట్‌తో అవక్షేపించి, జెల్ కాలమ్‌లో పరిమాణం బట్టి వేరుచేశాం. చిట్టెలుక ఐజీజీ3 అణువులు ఒకదానితో ఒకటి అతుక్కునే గుణం కలవి. ఉప్పు తక్కువైనా, గాఢత ఎక్కువై చల్లబడినా ద్రావణం పాలలా మసకబారుతుంది. ఫ్రిజ్ నుంచి తీసిన సీసా అడుగున తెల్లని తెర కనబడితే దాన్ని గది ఉష్ణోగ్రతలో నెమ్మదిగా వెచ్చబెట్టి, తేటపడ్డాకే గాఢత కొలుస్తున్నాం. తెరను సెంట్రిఫ్యూజ్‌లో దించి పైద్రవాన్ని వాడితే, కొలిచిన మోతాదుకూ జంతువుకు అందిన మోతాదుకూ పొంతన ఉండదు.

కంట్రోళ్ల విషయం ఎక్కువ సమయం తీసుకుంది. ఒక సరఫరాదారు పంపిన ఐసోటైప్ కంట్రోల్ సీసాలో నిల్వ కోసం సోడియం అజైడ్ కలిపి ఉంది. చిట్టెలుకలోకి ఎక్కించడానికి అది పనికిరాదు, పైగా శ్వాసక్రియ ఎంజైమును అడ్డుకునే విషం. అందుకని అన్ని సీసాలనూ ఒకే బఫర్‌లోకి డయాలిసిస్ చేసి, 0.22 మైక్రాన్ల వడపోత చేసి, లిములస్ పరీక్షతో ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా పైపొర నుంచి వచ్చే విషపదార్థం) ఉందేమో చూశాం. ఎండోటాక్సిన్ సంగతి ఎందుకింత పట్టించుకోవాలంటే, ముందుగా కొద్దిపాటి ఎండోటాక్సిన్ తగిలిన జంతువులో సహజ నిరోధకత కొన్ని గంటలపాటు అప్రమత్తమై, తర్వాత వచ్చే సూక్ష్మజీవిని కొంత మెరుగ్గా ఎదుర్కోవచ్చు. యాంటీబాడీ సీసాలో ఎండోటాక్సిన్ ఎక్కువ, కంట్రోల్ సీసాలో తక్కువ ఉంటే, మనం కొలిచేది యాంటీబాడీ ప్రభావం కాదు, బ్యాక్టీరియా మురికి ప్రభావం. ప్రచురితమైన పాత పనులు చదివేటప్పుడు ఈ ఒక్క పంక్తి ఉందో లేదో ముందుగా వెతకడం నాకు అలవాటైంది.

అతుక్కోవడం వేరు, కాపాడటం వేరు

జంతువుల దగ్గరకు పోకముందు గాజు పలకపై పరీక్షలు చేశాం. ఈస్ట్ కణాలతో యాంటీబాడీ కలిపితే ముద్దలు కట్టాయి, మూడు యాంటీబాడీలతోనూ కట్టాయి. కణాలను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడి చేస్తే మానన్ పొరలోని ఆమ్లానికి కరిగే భాగం ఊడిపోతుంది. ఆ కణాలకు బీటా-1,2 యాంటీబాడీలు అంటుకోలేదు, వేరే భాగాన్ని పట్టే ఐజీఎం మాత్రం ఎప్పటిలాగే అంటుకుంది. సీసాల మీది పేర్లు సరైనవేనని దీనితో ధైర్యం వచ్చింది.

అసలు తేడా కాంప్లిమెంట్ పరీక్షలో కనిపించింది. తాజా చిట్టెలుక సీరమ్‌లో ఈస్ట్‌ను ఉంచి, కాంప్లిమెంట్‌లో ఒకటైన సీ3 ప్రోటీన్‌ను గుర్తించే ఫ్లోరెసెంట్ యాంటీబాడీతో చూశాం. చిట్టెలుక కాంప్లిమెంట్ చాలా సున్నితమైనది కనుక సీరమ్‌ను చిన్న భాగాలుగా మైనస్ 70 డిగ్రీల వద్ద దాచి, ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకుండా వాడాం. యాంటీబాడీ కలపని కణాల మీద తొలి నిమిషాల్లో సీ3 అక్కడక్కడా పచ్చని చుక్కలుగా పడింది, ఆ చుక్కలు నెమ్మదిగా పెరిగి ఒకదానితో ఒకటి కలిశాయి. బీటా-1,2 యాంటీబాడీ ఉన్న కణాల మీద మాత్రం మొదటి నుంచీ అంచు పొడవునా ఒకే మందంలో ఉంగరంలా వెలిగింది. మొగ్గ తొడుగుతున్న చోట తల్లికణం, పిల్లకణం రెండిటినీ చుట్టి ఎనిమిది అంకె ఆకారం కనిపించింది. యాంటీబాడీ లేనప్పుడు క్యాండిడా కాంప్లిమెంట్‌ను నెమ్మదైన ప్రత్యామ్నాయ మార్గంలో కదిలిస్తుంది, తగిన యాంటీబాడీ ఉన్నప్పుడు వేగమైన క్లాసికల్ మార్గం తెరుచుకుంటుంది. ఇది పుస్తకంలో ఉన్న సంగతే అయినా, చుక్కకూ ఉంగరానికీ ఉన్న తేడాను కంటితో చూశాక ప్రయోగం తీరు గురించి మా చర్చ మారిపోయింది. సీరమ్‌ను 56 డిగ్రీల వద్ద అరగంట ఉంచితే చుక్కలూ లేవు, ఉంగరమూ లేదు.

ఇక్కడే ఒక అదనపు పరీక్ష చేర్చాం. సైక్లోఫాస్ఫమైడ్ తీసుకున్న చిట్టెలుక సీరమ్ కూడా ఇదే పని చేస్తుందా? సీ3 ఎక్కువగా కాలేయంలో తయారవుతుంది కనుక మజ్జ దెబ్బతిన్నా అది నిలిచి ఉండాలని ఊహ. ఆ సీరమ్‌లోనూ ఉంగరం అలాగే వచ్చింది. న్యూట్రోఫిల్స్ లేని జంతువులో కాంప్లిమెంట్ అందుబాటులోనే ఉందన్నమాట. బీటా-1,2 యాంటీబాడీల రక్షణకు కాంప్లిమెంట్ తప్పనిసరి అని కట్లర్ బృందం 2001లో చూపించినదాన్ని దీనితో కలిపి చూస్తే, మా ప్రశ్నలో ఒక భాగం ఇరుకైంది: ఉంగరం పడుతోంది, పడ్డ ఉంగరాన్ని చదివేవాళ్లు ఎవరు?

జంతుశాల పని

నైతిక సంఘం అనుమతి పత్రంలో ముగింపు నియమాలు స్పష్టంగా రాసి ఉన్నాయి: బరువు ఇరవై శాతం తగ్గినా, తాకితే కదలకపోయినా, ఒళ్లు చల్లబడినా ఆ జంతువును నొప్పి లేకుండా ముగించాలి, చనిపోయేదాకా చూస్తూ ఉండకూడదు. "బతికిన కాలం" అని గ్రాఫులో గీసేది నిజానికి ఈ నియమాలు తాకిన కాలం. ఇది మంచి పద్ధతే కానీ, గమనించే మనిషి కన్ను మీద ఫలితం ఆధారపడుతుంది కనుక ఏ జంతువుకు ఏ యాంటీబాడీ ఇచ్చామో గమనించేవారికి తెలియకూడదు. సీసాలకు సంకేత సంఖ్యలు వేరే సహోద్యోగి వేశారు, వాటి జాబితా ఆమె దగ్గరే ఉంది. ఒకే పంజరంలోని జంతువులను వేర్వేరు గుంపులకు పంచాం. పంజరానికి ఒక గుంపు అని పెడితే పంజరం ప్రభావం యాంటీబాడీ ప్రభావంలా కనబడే ప్రమాదం ఉంది.

న్యూట్రోఫిల్స్ లేని జంతువును క్యాండిడా కంటే ముందు దాని సొంత పేగులోని బ్యాక్టీరియా చంపేయగలదు. మేతను, పరుపును, నీటిని ఆటోక్లేవ్ చేశాం, నీటికి యాంటీబయోటిక్ కలిపాం. ఇన్‌ఫెక్షన్ ఇవ్వకుండా మందు మాత్రమే ఇచ్చిన గుంపును కూడా చివరి వరకు ఉంచాం. అది క్షేమంగా ఉంటేనే మిగతా గుంపుల ఫలితం నమ్మదగినది.

జంతుశాలలో ఏళ్లుగా పనిచేస్తున్న సాంకేతిక సహాయకుడు తొలి రోజుల్లోనే ఒక మాట అన్నారు: "మేడమ్, బరువు కాటా దాకా ఎందుకు, పొద్దున్నే గూడు చూడండి. దూది చింపి గూడు కట్టుకోనిదాన్ని ముందు పట్టించుకోవాలి." అప్పటి నుంచి గమనిక పట్టీలో గూడు కోసం ఒక గడి చేర్చాం. బరువు పడిపోయేముందే గూడు చెదురుతోంది, లేదా అసలు కట్టడమే ఉండటం లేదు. ఇది జంతు సంక్షేమానికి మాత్రమే కాక, ముగింపు నిర్ణయాన్ని సకాలంలో తీసుకోవడానికీ పనికొచ్చింది.

న్యూట్రోఫిల్స్ తగ్గాయో లేదో తోక కొన నుంచి తీసిన రక్తపు చుక్కతో స్లైడు వేసి, జీమ్సా రంగు అద్ది, చేత్తో లెక్కపెడుతున్నాం. ఫ్లో సైటోమీటర్ ఉండగా ఈ పాత పద్ధతి ఎందుకని అడిగినవారున్నారు. 1ఏ8 ఇచ్చిన జంతువులో మిగిలిన న్యూట్రోఫిల్స్ మీద లై6జీ చోటును ఆ యాంటీబాడీయే కప్పేసి ఉంటుంది. అదే గుర్తు కోసం వెతికే యంత్రం ఆ కణాలను "లేవు" అని చెబుతుంది, కణాలు మాత్రం ఉంటాయి. ముడులు తిరిగిన కేంద్రకం స్లైడు మీద అబద్ధం చెప్పదు. 1ఏ8 ఇచ్చిన కొన్ని జంతువుల్లో తొలగింపు అసంపూర్ణంగా ఉందని స్లైడ్లే చెప్పాయి. వాటిని ముందే రాసుకున్న నియమం ప్రకారం విశ్లేషణ నుంచి తప్పించాం, సంకేతాలు విప్పకముందే తప్పించాం.

ఇన్‌ఫెక్షన్, కాలనీల లెక్క

ఈస్ట్‌ను 30 డిగ్రీల వద్ద రాత్రంతా పెంచి, మూడుసార్లు కడిగి, హీమోసైటోమీటర్‌లో లెక్కించి తోక సిరలోకి ఇస్తున్నాం. 37 డిగ్రీల వద్ద పెంచితే తంతువులు మొలుస్తాయి, అవి ఒకదానికొకటి చిక్కుపడితే సిరలోకి వెళ్లేది కణాలు కాదు, ముద్దలు. ఆ ముద్దలు ఊపిరితిత్తుల సూక్ష్మనాళాల్లో ఇరుక్కుంటే జంతువు కొద్ది నిమిషాల్లో పోతుంది, ఆ మరణానికీ వ్యాధికీ సంబంధం ఉండదు. యాంటీబాడీని ఈస్ట్‌తో ముందే కలపకుండా, కొన్ని గంటల ముందు కడుపు కుహరంలోకి ఇవ్వడానికి కూడా ఇదే కారణం: మూడు యాంటీబాడీలూ ముద్దలు కట్టించేవే. బలమైన జంతువుకు సరిపడే ఈస్ట్ మోతాదు న్యూట్రోఫిల్స్ లేనిదానికి మితిమీరిన మోతాదు అవుతుంది. యాంటీబాడీ చూపగల తేడా ఆ వరదలో కొట్టుకుపోతుంది. అందువల్ల ప్రతి స్థితికీ వేరే మోతాదు వెతికి పట్టుకోవలసి వచ్చింది. ఇది చప్పగా ఉండే పని, కానీ తర్వాతి ఫలితాలన్నీ దీని మీదే నిలబడతాయి.

చిట్టెలుకలో క్యాండిడా ప్రధానంగా మూత్రపిండాలను పట్టుకుంటుంది. 48 గంటల వద్ద మూత్రపిండాన్ని తూచి, బఫర్‌లో మెత్తగా నూరి, పదేసి రెట్లు పలుచన చేసి, సాబురో అగార్ మీద పరిచి కాలనీలు లెక్కపెడతాం. దీనిలో ఒక లోపం ఉంది. ఒక తంతువులో ఎన్ని గదులున్నా, అది విరగకుండా ప్లేటు మీద పడితే ఒక్క కాలనీయే వస్తుంది. న్యూట్రోఫిల్స్ లేని మూత్రపిండంలో శిలీంధ్రం ఎక్కువగా తంతువుల రూపంలోనే ఉంటుంది కనుక, ఎక్కువ వ్యాధి ఉన్నచోటే కాలనీల లెక్క తక్కువ చూపించే అవకాశం ఉంది. అందుకని ప్రతి జంతువు రెండో మూత్రపిండాన్ని ఫార్మలిన్‌లో వేసి, శిలీంధ్రాన్ని నల్లగా చూపే గ్రోకాట్ వెండి రంగుతో చూస్తున్నాం.

ఆ స్లైడ్లు చూసినప్పుడు రెండు లోకాలు కనబడతాయి. మామూలు చిట్టెలుక మూత్రపిండంలో శిలీంధ్రం చుట్టూ కణాలు గుంపుకట్టి చీముగడ్డలా ఏర్పడతాయి, నల్లని తంతువులు దాని మధ్యలో తునకలుగా ఉంటాయి. సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చినదానిలో పొడవాటి నల్లని తంతువులు నాళికల గోడలు చీల్చుకుంటూ సాగిపోతుంటే, చుట్టూ ఒక్క కణమైనా ఉండదు. కణజాలం నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి హీమటాక్సిలిన్ రంగుతో మాత్రమే చూస్తే ఇక్కడ వ్యాధి తక్కువ అనిపిస్తుంది. వెండి రంగు వేశాకే అసలు బండారం బయటపడుతుంది.

తొలి ఫలితాలు

సంకేతాలు విప్పిన మొదటి విడతలో, మామూలు జంతువుల్లో బీటా-1,2 యాంటీబాడీలు రెండూ మూత్రపిండంలో కాలనీలను తగ్గించాయి; వేరే భాగాన్ని పట్టే ఐజీఎం కంట్రోల్‌తో సమానంగానే ఉంది. ఇది 1995 నాటి చిత్రానికి సరిపోయింది, మా చేతుల్లో పద్ధతి నిలిచిందని దీన్ని బట్టి అనుకుంటున్నాం. 1ఏ8 గుంపులో రక్షణ ఉంది కానీ అంతరం తగ్గింది. సైక్లోఫాస్ఫమైడ్ గుంపులో ఐజీజీ3 ఇచ్చినవాటిలో తేడా కనిపించింది, ఐజీఎం ఇచ్చినవాటిలో జంతువుకూ జంతువుకూ మధ్య వ్యత్యాసం ఎంత ఎక్కువగా ఉందంటే దాని గురించి ఇప్పుడే ఏమీ అనలేను. నాగుపాము విషం నుంచి తీసిన ప్రోటీనుతో సీ3ని ముందే ఖర్చు చేయించిన చిన్న గుంపులో అన్ని యాంటీబాడీల మేలూ మాయమైంది.

ఇది చూసి బృందంలో ఒకరు రక్షణంతా కాంప్లిమెంట్‌దేనని తేల్చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. క్యాండిడా కణకుడ్యం మందంగా ఉంటుంది, కాంప్లిమెంట్ పొరలో రంధ్రం పొడిచి దాన్ని చంపలేదు, బ్యాక్టీరియాలో కొన్నిటి మీద సాగే ఆ విద్య ఇక్కడ సాగదు. సీ3 ఉంగరం ఎవరో ఒకరు మింగడానికి వేసిన గుర్తే. న్యూట్రోఫిల్స్ లేనప్పుడు ఆ పని కాలేయంలోని కుప్ఫర్ కణాలు, ప్లీహంలోని మాక్రోఫేజ్‌లు అనే మరో రకం భక్షక కణాలు చేస్తూ ఉండవచ్చు. ప్లీహపు మాక్రోఫేజ్‌లను తొలగిస్తే చిట్టెలుకలు రక్తంలోని క్యాండిడాకు తేలిగ్గా లొంగిపోతాయని 1994లోనే చూపించారు. రక్తం నుంచి ఈస్ట్‌ను అవి త్వరగా పట్టేస్తే మూత్రపిండానికి చేరేవి తగ్గుతాయి. మూత్రపిండంలోకి చేరి తంతువులు వేసినవాటి మీద యాంటీబాడీ ప్రభావం చాలా తక్కువ ఉండవచ్చు. ఈ ఊహే నిజమైతే యాంటీబాడీని ఇన్‌ఫెక్షన్ తర్వాత ఇచ్చినప్పుడు మేలు బాగా తగ్గిపోవాలి. ఆ పరీక్షకు ఈ విడతలో చోటు లేకపోయింది.

చిట్టెలుకల్లో రక్షణ కనబడిన ప్రతిసారీ మందు వచ్చేస్తోందని రాసే తొందర ఈ రంగంలో ఉంది. 18బీ7 అనే క్రిప్టోకాకస్ యాంటీబాడీ మనుషుల్లో తొలి దశ పరీక్షల దాకా వెళ్లింది. క్యాండిడా హీట్‌షాక్ ప్రోటీన్ 90కి వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీ ముక్కకు 2007లో యూరోపియన్ మందుల సంస్థ అనుమతి ఇవ్వలేదు. మరోవైపు, న్యూట్రోఫిల్స్ తగ్గిన చిట్టెలుకల్లో మ్యూకొరేల్స్ వర్గపు శిలీంధ్రాల కాట్‌హెచ్3 ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీలు కాపాడాయని 2019లో వచ్చిన పని, నిరోధక శక్తి అణచిన చిట్టెలుకల్లో క్యాండిడా ఆరిస్ మీద టీకా పుట్టించిన యాంటీబాడీల పని, రెండూ నాకు ఉత్సాహం కలిగించాయి. ఆ రెండిటిలోనూ గురి పెట్టింది శిలీంధ్రం కణజాలంలోకి చొరబడటానికి వాడే ప్రోటీన్లకు. అంటే భక్షక కణం చేయవలసిన పనిలో కొంత భాగాన్ని యాంటీబాడీయే అడ్డుపడి చేస్తోంది. మా చక్కెర గొలుసు యాంటీబాడీలకు ఆ వెసులుబాటు ఉందో లేదో ఇంకా చూడలేదు. ఎండోథీలియల్ కణాల పొర మీద ఈస్ట్ అంటుకోవడాన్ని కొలిచే పరీక్ష కోసం కణాలు పెరుగుతున్నాయి.

వచ్చే విడత

కుప్ఫర్ కణాలను, ప్లీహపు మాక్రోఫేజ్‌లను క్లోడ్రోనేట్ లైపోసోమ్‌లతో (మింగిన కణాన్ని చంపే మందు నింపిన సూక్ష్మ కొవ్వు బుడగలతో) తొలగించిన గుంపును సైక్లోఫాస్ఫమైడ్ గుంపు పక్కన పెడుతున్నాం. ఖాళీ లైపోసోమ్‌లు ఇచ్చిన గుంపు తప్పనిసరి, ఎందుకంటే లైపోసోమ్‌లు మింగడమే మాక్రోఫేజ్‌లను కొంతసేపు పనిలో పెడుతుంది. ముందుగా చూడబోయేది మూత్రపిండం కాదు, రక్తం: ఇన్‌ఫెక్షన్ ఇచ్చిన తర్వాత తొలి నిమిషాల్లో, తొలి గంటలో రక్తంలో మిగిలిన ఈస్ట్ ఎంత, కాలేయంలో పట్టుబడినది ఎంత. యాంటీబాడీ ఉన్నప్పుడు రక్తం త్వరగా శుభ్రపడి, మాక్రోఫేజ్‌లు లేనప్పుడు ఆ వేగం పోతే, ఉంగరాన్ని చదివేది ఎవరో తెలుస్తుంది.

మోతాదుల మెట్లు కూడా ఈ విడతలోనే. కాపాడే యాంటీబాడీ మితిమీరితే మేలు తగ్గడమే కాక కొన్నిసార్లు కీడు కూడా జరుగుతుందని క్రిప్టోకాకస్ పనిలో పదే పదే కనబడింది. న్యూట్రోఫిల్స్ లేని జంతువులో భక్షక కణాలు తక్కువ కనుక ఆ గీత ఇంకా ముందే వస్తుందేమోనని నా అనుమానం. పై మోతాదు గుంపు అనవసరమని, జంతువులు వృథా అని సమీక్షలో ఒక అభ్యంతరం వచ్చింది. ఆ గుంపును చిన్నదిగా చేశాం, తీసేయలేదు. ఐజీఎం గుంపులో జంతువుకూ జంతువుకూ మధ్య కనబడిన వ్యత్యాసానికి కారణం కడుపు కుహరం నుంచి అది రక్తంలోకి చేరే తీరులో తేడా కావచ్చు కాబట్టి, ఈసారి ఇన్‌ఫెక్షన్‌కు ముందు ప్రతి జంతువు రక్తంలో యాంటీబాడీ స్థాయిని మానన్ ఎలైజాతో (మానన్ పూసిన ప్లేటుకు అంటుకున్న యాంటీబాడీని రంగుతో కొలిచే పరీక్షతో) కొలిచి, ఆ అంకెను కాలనీల అంకె పక్కన రాయబోతున్నాం. ఎలైజా ప్లేట్లకు మానన్ పూత వేసి ఫ్రిజ్‌లో పెట్టాం. సైక్లోఫాస్ఫమైడ్ తొలి మోతాదు సోమవారం ఉదయం.